వాక్కు, కంఠము, స్వరూపము

వాక్కునకు నాలుగు పాదములు కలవనియు, వానిలో మూడు గుహయందు దాగియున్నవనియు, మనుష్యులు పలుకునది నాలుగవ పాదము మాత్రమేననియు ఋగ్వేదము బోధించుచున్నది. ఆ నాలుగింటికి పరా, పశ్యంతీ, మధ్యమా, వైఖరీ అని తరువాతి ఆచార్యులు పేర్లుంచిరి. భర్తృహరి వాక్యపదీయమున పశ్యంతి మొదలుకొని మూడింటినే చెప్పెను. సంఖ్యలో భేదమున్నను తాత్పర్యమున భేదము లేదు. లోపలి వాక్కు పూర్ణము. వెలుపలికి వచ్చునది అంశము.

అయితే లోకము మనుష్యుని గుర్తించునది ఆ అంశమును బట్టియే. తలుపు తట్టినవానిని "ఎవరు?" అని అడిగినచో "నేను" అనియే సమాధానము వచ్చును. ఆ "నేను"లో పేరు లేదు, ఊరు లేదు, గోత్రము లేదు. అయినను లోపలివారు లేచి తలుపు తీయుదురు. వారు గుర్తించినది పదమును కాదు, కంఠమును.

తెలుగుభాషలో ఇంకొక విశేషము కలదు. "నేను వచ్చాను" అనునప్పుడు "నేను" అను పదమునకును లింగము లేదు, క్రియకును లింగము లేదు. స్త్రీ పలికినను పురుషుడు పలికినను వాక్యమొక్కటియే. హిందీభాషలో వలె క్రియాంతము మారదు. అందుచేత కనబడని మనుష్యుడు తెలుగున మాటలాడునపుడు ఆ వ్యక్తి స్త్రీయా పురుషుడా అని తెలుపు భారమంతయు కంఠముపైననే పడును. ఆ భారమును ఇరువది ఏండ్లు మోసిన యొక స్త్రీ వృత్తాంతము ఈ విచారమునకు ఆధారము.

ఆమె కోనసీమలోని యొక వైదిక కుటుంబమున జన్మించెను. పుట్టినపుడు మగబిడ్డయని అందరును అనిరి, అట్లే పెంచిరి. తండ్రి ఘనాపాఠి. 8వ యేట ఉపనయనమై, కృష్ణయజుర్వేద పాఠశాలలో చేరినది. గ్రహణశక్తియు, ధారణయు మెండు. 14వ యేట కంఠము విరిగి, కొలది నెలలలో గంభీరమైన మంద్రముగా స్థిరపడెను. "గోదారి వరద వచ్చినట్టుందిరా నీ గొంతు!" అని గురువు మురిసిపోయెను. పండుగలకు, యజ్ఞములకు ఆ కంఠమునే ముందు కూర్చుండబెట్టెడివారు.

ఆ మెప్పు ఆమెకు సంతోషము నియ్యలేదు. తన నోట వెలువడు ధ్వని మరియెవరిదో అయినట్లు తోచెడిది. ఆ మాట చెప్పుటకు పాఠశాలలో పదములు లేవు, ఇంటిలో చోటు లేదు. అధ్యయనము పూర్తికాకమునుపే ఊరు విడిచి, హైదరాబాదు చేరి, పిల్లలకు గణితము చెప్పుచు జీవనము సాగించెను. 29వ యేట స్త్రీగా బ్రతుకుట ప్రారంభించెను. వైద్యుల పర్యవేక్షణలో హార్మోన్ చికిత్స జరిగెను. చర్మము మృదువయ్యెను, ముఖకాంతి మారెను, అద్దములో తాను ఎరిగిన ముఖము మెల్లమెల్లగా కనబడజొచ్చెను. కంఠము మాత్రము గోదావరి వరదగానే మిగిలెను.

దీనికి శరీరశాస్త్రము చెప్పు కారణము స్పష్టము. యౌవనారంభమున టెస్టోస్టిరాన్ ప్రభావముచే స్వరపేటిక పెరుగును. అందలి స్వరతంత్రులు పొడవై, దళసరి యగును. అట్లు పెరిగినది మరల తగ్గదు. తరువాత ఈస్ట్రోజెన్ ఎంత ఇచ్చినను తంత్రులు పలుచబడవు. స్త్రీగా పుట్టినదని తలచబడి పురుషునిగా జీవించువారికి టెస్టోస్టిరాన్ ఇచ్చినచో కంఠము తానై దిగును. ఈ వైపున అట్టి సౌలభ్యము లేదు. పురుషుల స్వరతంత్రులు మాటలో సెకనుకు సుమారు 100 నుండి 130 మారులు, స్త్రీలవి సుమారు 180 నుండి 220 మారులు కంపించుట సాధారణము. తంత్రుల నుండి పెదవుల వరకు గల ధ్వనిమార్గము పురుషులలో సుమారు 17 సెంటీమీటర్లు, స్త్రీలలో సుమారు 14 సెంటీమీటర్లు. చిన్న బుర్ర గల వీణకు, పెద్ద బుర్ర గల వీణకు ఒకే శ్రుతి పెట్టినను నాదము వేరగునట్లు, ఈ పొడవులోని భేదము కూడ చెవికి తెలియుచునే యుండును.

ఫోనులో ఆమెకు "సార్" అను పిలుపు తప్పెడిది కాదు. గ్యాసు సిలిండరు కొరకు ఫోను చేసినను సార్, విద్యార్థి తల్లి ఫోను ఎత్తినను సార్. ఒకానొక బ్యాంకువారు ఖాతా వివరములలో స్త్రీయని యుండగా కంఠము పురుషునిదిగా నున్నదని అనుమానించి, మాట మధ్యలోనే ఫోను పెట్టివేసిరి. మెట్రో రైలున స్త్రీల పెట్టెలో ఆమె నోరు విప్పెడిది కాదు. ఎవరైన "దిగుతారా?" అని అడిగినచో తల ఊపి ప్రక్కకు జరిగెడిది. పసిపిల్ల కాలు తొక్కినను "ఫరవాలేదమ్మా" అనుటకు ధైర్యము చాలెడిది కాదు. ఒక్క మాట పలికినచో ఆ పెట్టెలోని చూపులన్నియు తనవైపు తిరుగునని ఆమెకు అనుభవము నేర్పెను.

మౌనము గొప్ప తపస్సని పెద్దలందురు. సత్యమే. కాని మాటలాడగలవాడు మాటను నిగ్రహించినప్పుడే అది తపస్సు. మాటలాడినచో అవమానమో, దెబ్బయో కలుగునను భయముచే నోరు మూసికొన్నచో అది తపస్సు కాదు, వాక్కునకు చెర. ఆ చెరను చూచి "ఎంత నెమ్మదస్తురాలో" అని మెచ్చుకొనువారి మెప్పు కూడ ఆ చెరకు వేసిన తాళమే.

మొదట ఆమె ఎవరినీ అడుగక, ఫోనులోని యొక యాప్ చూచుచు తానే సాధన ప్రారంభించెను. సంఖ్య 200 దాటినచో పని పూర్తియైనదని భావించెను. సంఖ్య దాటినది, కాని వినవచ్చినది స్త్రీకంఠము కాదు, నాటకములో పురుషుడు వెక్కిరించుచు పలుకు కీచుగొంతు. మూడు వారములకు గొంతు బొంగురుపోయి మ్రింగుట కూడ కష్టమయ్యెను. అప్పుడామె ఒక ఈఎన్‌టీ వైద్యుని యొద్దకు, అచటి నుండి స్పీచ్ థెరపిస్టు యొద్దకు వెళ్లెను.

ఆ థెరపిస్టు మొదటి నెల శ్రుతిని పెంచుమని అననేలేదు. సన్నని స్ట్రా గుండా నీటిలోనికి ఊదుచు ధ్వని చేయించెను. పెదవులు మూసి మకారమును పొడిగించుమని, ఆ కంపనము ఎదలో కాక ముక్కుదూలమునందును పెదవులయందును తగులునట్లు చూచుమని చెప్పెను. పిదప నాలుకను కొంచెము ముందునకు తెచ్చి "ఇ, ఈ" అను అచ్చులను పలికించుచు, నోటిలోని ధ్వనిస్థలమును చిన్నదిగా చేయుట నేర్పెను. శ్రుతి సగము పని మాత్రమేననియు, అనురణనము, మాట యొక్క బరువు, వాక్యమున స్వరము ఎక్కి దిగు తీరు, పదముల మధ్య విరామము, ఇవన్నియు కలిసినప్పుడే వినువాని చెవికి స్త్రీకంఠమని తోచుననియు వివరించెను.

అది వినుచుండగా ఆమెకు చిన్ననాటి పాఠము జ్ఞప్తికి వచ్చెను. ధ్వని హెచ్చుటకు అంగముల బిగింపు, నాదమునందు కాఠిన్యము, కంఠవివరము సన్నబడుట కారణములని, వాని సడలింపు, మార్దవము, వివరము విశాలమగుట ధ్వని తగ్గుటకు కారణములని తైత్తిరీయ ప్రాతిశాఖ్యము చెప్పుచున్నది. పాణినీయ శిక్షయు అంతే. ఆత్మ బుద్ధితో అర్థమును కూర్చుకొని మనస్సును ప్రేరేపించును. మనస్సు కాయాగ్నిని తాకును. అగ్ని వాయువును కదల్చును. ఆ వాయువు ఉరస్సున మంద్రమును, కంఠమున మధ్యమమును, శిరస్సున తారమును పుట్టించును. "ఎదలో కాదు, ముఖములో" అని థెరపిస్టు చూపిన మార్గమును ఆ శిక్షాకారుడు ఎప్పుడో స్థానములుగా విభజించియుండెను. ఆడుపులి తన కూనలను కోరలతో పట్టి, జారవిడువక, గాయపరుపక కొనిపోవునట్లు అక్షరములను పలుకవలెనని కూడ ఆ శిక్షయే చెప్పును. తాను మూడు వారములు యాప్ చూచుచు చేసినది కూనను కొరుకుట యని ఆమెకు అప్పుడు తెలిసెను.

అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. ఉదాత్తము ఉచ్చమని, అనుదాత్తము నీచమని పాణిని చెప్పగా, ఉచ్చనీచములకు నిలకడ లేదు గదా యని పతంజలి మహాభాష్యమున శంక లేవనెత్తెను. బలహీనునికి హెచ్చుగా తోచునది బలవంతునికి తగ్గుగా నుండవచ్చును. కావున ఉదాత్తానుదాత్తములు ఒక్కొక్క వక్త యొక్క ఆధారమును బట్టియే నిర్ణేయములని సారాంశము. పాఠశాలలో గురువు దీనినే సులభముగా చెప్పెడివారు: "ఉదాత్తానికి కొలత నీ గొంతులోనే ఉందిరా, పక్కవాడి గొంతులో లేదు." అనగా స్వరము సంబంధము, శ్రుతి స్థానము. స్థానము మారినను సంబంధము చెడకుండవచ్చును. ఇంద్రశత్రు పదమున స్వరము తప్పినందున త్వష్ట యాగఫలము తలక్రిందులయ్యెనని చెప్పు కథలో దోషము స్వరసంబంధమునందు గాని, ఋత్విజుని కంఠము లావుగా నుండుటయందో సన్నగా నుండుటయందో గాదు.

శస్త్రచికిత్స మార్గము కూడ ఆమె ముందుండెను. జపాను దేశీయుడైన ఇష్షికి 1974లో ప్రకటించిన స్వరపేటిక శస్త్రచికిత్సలలో నాలుగవ విధము, స్వరపేటికలోని రెండు మృదులాస్థులను దగ్గరకు తెచ్చి కుట్టి, తంత్రులను బిగించుట. ప్రాతిశాఖ్యము చెప్పిన బిగింపే అది; అయితే కాలక్రమమున ఆ బిగువు సడలుట కలదు. జర్మనీకి చెందిన వెండ్లర్ పేర ప్రసిద్ధమైనది మరియొకటి. అందు తంత్రుల ముందుభాగమును పైపొర తొలగించి ఒకదానితో నొకటి కలిపి కుట్టుదురు. కంపించు భాగము పొట్టిదగును. వీణమెట్టుపై వ్రేలు పెట్టిన తంత్రి వలె శ్రుతి హెచ్చును. ఇది నోటిగుండా జరుగును. మెడపై గాటు పడదు. పిదప కొన్ని దినములు సంపూర్ణ మౌనము, అటుపై మరల థెరపీ తప్పవు. ఏలయన శస్త్రము శ్రుతిని మార్చును గాని అనురణనమును మార్చలేదు. కంఠమణిని చెక్కి తగ్గించు చికిత్స వేరు. అది చూపునకు సంబంధించినది, కంఠధ్వనిని హెచ్చింపదు.

వెండ్లర్ పద్ధతిలో లాభముతోపాటు నష్టమును వైద్యుడు దాచలేదు. క్రింది స్థాయిస్వరములు పోవును. గట్టిగా పిలుచు శక్తి తగ్గవచ్చును. కొందరికి బొంగురు మిగులవచ్చును. ఆమె మనస్సున అల్పకంఠుడు అను పదము మెదలెను. పాఠకాధములు ఆరుగురిలో శిక్షాకారుడు లెక్కించినవారిలో అల్పకంఠు డొకడు. తాను వేదపాఠము విడిచి చాలకాలమైనది. అయినను నలుబదిమంది పిల్లలున్న తరగతిలో వెనుకబెంచీ వరకు వినబడవలె గదా. ఆమె శస్త్రము వలదనుకొని సాధననే ఎంచుకొనెను. అదే చికిత్సాలయమున ఆమెకు పరిచయమైన మరియొక స్త్రీ, ఏండ్ల సాధన ఫలింపక శస్త్రమును ఎంచుకొని, అల్పమైనను తనదనిపించు కంఠముతో తృప్తిగా నున్నది. ఇది గొప్ప, అది తక్కువ యనుటకు వీలు లేదు. ఎవరి ఆధారశ్రుతి వారిదే.

దేవుడిచ్చిన కంఠమును మార్చుట అధర్మము కాదా యని ప్రశ్నించువారు కలరు. వేదపాఠశాలలో ఏ బాలుడును పుట్టుకంఠముతో వేదము చెప్పడు. ఊపిరి, నాలుక, దవడ, అన్నియు ఏండ్ల తరబడి దిద్దబడును. దానిని సంస్కారమందురు, అధర్మమనరు. ఆంధ్రరంగస్థలమున స్థానం నరసింహారావు సత్యభామగా పలికినపుడు, కూచిపూడి కళాకారుడు వేదాంతం సత్యనారాయణశర్మ భామాకలాపమాడినపుడు జనులు పరవశించిరి. వారికది పాత్ర, తెర పడినపిమ్మట తీసివేయదగినది. ఆమెకు పాత్రయైనది మునుపటి కంఠము. తెర దింపుటకే ఆమె చికిత్సాలయమునకు వెళ్లినది.

"లావు గొంతుతోనే బ్రతుకవచ్చును గదా; గంగూబాయి హంగల్ గొంతు మాత్రము సన్ననిదా?" అనువారును కలరు. కంఠ చికిత్స పిమ్మట గంభీరమైన ఆ స్వరముతో ఆ మహావిదుషి కిరానా ఘరానాకు కీర్తి తెచ్చెను. ఆమె స్త్రీత్వమును ఎవరును శంకింపలేదు. వాదము సరియైనదే, కాని అది చెప్పవలసినది వినువారికి. మంద్రకంఠము గల స్త్రీని వెక్కిరింపక స్వీకరించు లోకమున్నచో చికిత్స కేవలము ఇష్టము నకు విడువబడును. అట్టి లోకము వచ్చువరకు మెట్రోలో నోరు విప్పలేనివారిని "ఉన్నదానితో తృప్తి చెందుము" అనుట పరోపదేశమే యగును. కొందరు అట్లే మంద్రముతో నిర్భయముగా బ్రతుకుచున్నారు, వారిది ధైర్యము. మార్చుకొనువారిది పిరికితనము కాదు.

విరాటుని కొలువున బృహన్నలగా నుండవలసినపుడు అర్జునుడు వింటినారి ఒరసిన మచ్చలను చేతి గాజులతో కప్పుకొనెను. మచ్చను కప్పుటకు గాజులు కలవు. ధ్వనిని కప్పుటకు ఏ ఆభరణమును లేదు. గోగ్రహణ సమయమున శంఖధ్వనిని, రథఘోషను వినియే ద్రోణుడు ఇతడు సవ్యసాచియని నిశ్చయించెను. అజ్ఞాతవాసము ముగిసిన అర్జునునికి అట్లు ధ్వనిచే పట్టుబడుట జయము. ప్రతిదినము బజారులో ధ్వనిచే పట్టుబడువారికి అది జయము కాదు.

2014లో నాల్సా కేసున సుప్రీంకోర్టు తన లింగమును తానే నిర్ణయించుకొను హక్కును గుర్తించెను. 2019 నాటి చట్టము శస్త్రచికిత్సను, హార్మోన్ చికిత్సను ప్రభుత్వము కల్పింపవలసిన వైద్యసదుపాయములుగా పేర్కొనెను. కంఠసాధన వాని ప్రక్కన నిలువదగినదే. పత్రములో పేరు మార్చుకొనవచ్చును. ఆ పేరును తడబడక పలుకుటకు ఏండ్లు పట్టును.

కంఠసాధన ప్రారంభించిన పిదప క్రొత్త స్వరమును ఎల్లెడల వాడవలెనని థెరపిస్టు నియమము. తరగతిలో, అంగడిలో, మెట్రోలో ఆమె దానిని పాటించెను. ఒక్క చోట మాత్రము తప్పెను. ప్రతి ఉదయము దీపము పెట్టిన తరువాత ఊరినుండి తల్లి ఫోను చేసెడిది. కూతురు ఎట్లు బ్రతుకుచున్నదో తల్లికి తెలియును. ఆ విషయము వారి మధ్య మాటలలోనికి రాలేదు. బంధువులు రావద్దన్నందున ముఖములు చూచుకొని ఐదేండ్లయినది. మిగిలినది కంఠమొక్కటే. ఆ పది నిమిషములకు ఆమె గోదావరి వరదను మరల తెచ్చుకొనెడిది. తల్లి "ఏరా నాన్నా, తిన్నావా?" అనెడిది, "తిన్నానమ్మా" అని మంద్రమున సమాధానము వచ్చెడిది.

ఒక ఉదయము నిద్రమబ్బులో ఆమె ఫోనెత్తి, అలవాటైపోయిన క్రొత్త కంఠముతో "చెప్పమ్మా" అనెను.

కొంతసేపు నిశ్శబ్దము. పిదప తల్లి అడిగెను: "ఎవరమ్మా మాట్లాడేది? మా అబ్బాయి లేడా?"

పాత కంఠము అందుబాటులోనే యున్నది. ఒక్క దగ్గు దగ్గి దిగిపోవచ్చును. ఆమె దిగలేదు. "నేనేనమ్మా" అనెను.

తల్లి చాలసేపు మాటలాడలేదు. పెరటిలో బావి గిలక చప్పుడు ఫోనులో వినబడుచుండెను. తరువాత, "జలుబు చేసినట్టుంది. మిరియాలపాలు తాగు" అని పెట్టివేసెను.

మరునాడును ఫోను వచ్చెను; మరునాడును మిరియాలపాలే. అట్లు రెండు మాసములు జలుబు తగ్గలేదు. తల్లి మిరియాలపాల మాట మానలేదు, ఫోను చేయుటయు మానలేదు.

కార్తికమున ఒక వేకువ తల్లి జలుబు మాట ఎత్తలేదు. "మీ నాన్నగారుండగా రోజూ మంత్రపుష్పం వినేదాన్ని. ఆయన పోయాక ఇంట్లో ఆ శబ్దమే లేదు. నీకు జ్ఞాపకముందా?" అని అడిగెను. స్త్రీలకు వేదోచ్చారణాధికార మున్నదా లేదా యను వివాదము పెద్దది. వాగంభృణి ఋషికయై సూక్తమును దర్శించినదని ఒక పక్షము, తరువాతి ఆచారము వేరని మరియొక పక్షము. ఆ వేకువ అడిగినది వితంతువైన తల్లి. చెప్పినది ఆమె బిడ్డ. క్రొత్త కంఠము, ముఖస్థానమున నిలిచిన సన్నని శ్రుతి, మధ్యలో ఒకచోట ఊపిరి చాలక తడబాటు. ఉదాత్తానుదాత్తములు మాత్రము పాఠశాలలో నేర్చినట్లే ఒకదాని ప్రక్కన నొకటి నడిచెను.

నలుబది ఏండ్లు ఘనాపాఠి ఇంట దీపము వెలిగించిన ఆ ఇల్లాలు శాస్త్రము చదువలేదు, చెవితో ఎరిగినది. ముగిసిన పిదప కొంత ఆగి ఇట్లనెను:

"గొంతు మారిపోయింది. స్వరం తప్పలేదు."

ఇంకొంచెము ఆగి, "తిన్నావా అమ్మా?" అని అడిగెను.

స్వస్తి.